వెళ్లిపోతానంటేనే వింటారా?

బ్రిటిష్ మ్యూజియంలో అరచేతిలో ఇమిడే మట్టిపలక ఒకటి ఉంది. వయసు దాదాపు 3,750 ఏళ్లు. ఇప్పటి దక్షిణ ఇరాక్‌లోని ఉర్ నగరంలో ఇయా-నాసిర్ అనే రాగి వ్యాపారికి నన్ని అనే కొనుగోలుదారు పంపిన ఫిర్యాదు అది. మేలైన రాగి ఇస్తానని మాటిచ్చావు, తీరా నా మనిషి వస్తే నాసిరకం దిమ్మలు ముందు పెట్టి, కావాలంటే తీసుకో లేదంటే పో అన్నావట, నన్నేమనుకుంటున్నావు అని నిలదీస్తాడు. (ఇయా-నాసిర్ పేరు చూసి తెలుగువాళ్లకు నవ్వొస్తే అది వాళ్ల తప్పు కాదు.) సరుకు బాగోలేదన్న కోపం కన్నా తన మనుషులను చులకన చేశాడన్న కోపమే ఆ రాతలో ఎక్కువగా కనిపిస్తుంది. ఇప్పటి మాటల్లో కస్టమర్ సర్వీసు మీద ఫిర్యాదన్నమాట.

ఆ ఉత్తరంలో రెండు మాటలు గమనించదగ్గవి. దిల్మున్‌తో (ఇప్పటి బహ్రెయిన్ ప్రాంతం) వ్యాపారం చేసే వర్తకులలో నన్నిలా చూసినవాడు ఇంకొకడున్నాడా అన్నది ఒకటి. ఊళ్లో నువ్వొక్కడివే లేవు సుమా అని గుర్తుచేయడమే అది. ఇకమీదట దిమ్మలను నా ఆవరణలోనే ఒక్కొక్కటీ ఏరి తీసుకుంటాను, నచ్చనిది తిరగ్గొడతాను అన్నది రెండోది. నన్ని గొంతు పెంచాడు, పెంచుతూనే తనకు వేరే దారి ఉందని కూడా చూపించాడు. ఆ రెండూ ఒకే పలక మీద ఉండటమే ఇక్కడి విశేషం. తర్వాతి చరిత్రలో అవి తరచూ విడిపోయాయి, విడిపోయిన ప్రతిసారీ వినియోగదారుడే నష్టపోయాడు.

కొనకుండా బయటికి నడిచే స్వేచ్ఛ కూడా మొదటి నుంచీ ఉన్నదేమీ కాదు. 19వ శతాబ్దం మొదట్లో పారిస్ దుకాణంలో అడుగుపెట్టినవాడు ధర అడగాలి, బేరమాడాలి, ఉత్తచేతులతో బయటపడాలంటే మొహమాటపడాలి. అరిస్టీడ్ బూసికో 1852లో ‘బాన్ మార్షే’ దుకాణంలో భాగస్వామిగా చేరాక ధర చీటీలు కట్టించాడు, ఊరికే చూసి పోవచ్చన్నాడు, నచ్చకపోతే తిరిగి ఇవ్వమన్నాడు. ఇవన్నీ ఆయన కొత్తగా కనిపెట్టినవి కావు గానీ అంత పెద్ద ఎత్తున నడిపి చూపించాడు. గుమ్మం తెరిచి ఉంచితే జనం పారిపోరు, ఇంకా ఎక్కువగా వస్తారని వ్యాపారులకు అప్పుడే అర్థమైంది.

దుకాణాల సంగతి అలా ఉండగా, తీగలు, పట్టాలు వేసి చేసే వ్యాపారాలు వేరే దారి పట్టాయి. అమెరికాలో టెలిఫోన్ చాలా కాలం ఏటీ అండ్ టీ గుత్తాధిపత్యం. లైను వాళ్లదే, చేతిలోని ఫోను కూడా వాళ్లదే. బయటివారి పరికరాన్ని ఆ లైనుకు తగిలించుకోవచ్చని అక్కడి నియంత్రణ సంస్థ చెప్పేసరికి 1968 వచ్చింది. ఏటీ అండ్ టీ విడిపోయింది 1984 జనవరి 1న. చాలా దేశాల్లో ఫోను ప్రభుత్వ శాఖ చేతిలో ఉండేది. ఎవరిమీద అలిగినా తిరిగి వాళ్ల కౌంటరు ముందే నిలబడాలి.

అమెరికా అధ్యక్షుడు కెనెడీ 1962 మార్చి 15న అక్కడి చట్టసభ కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో వినియోగదారుడికి నాలుగు హక్కులను గుర్తించాడు: భద్రత, సమాచారం, ఎంపిక, తన మాట వినిపించుకోవడం. ఇప్పుడు ఏటా ఆ తేదీనే ప్రపంచ వినియోగదారుల హక్కుల దినం జరుపుతున్నారు. సభల్లో నాలుగు హక్కుల పేర్లూ వల్లిస్తారు గానీ, ఎంపిక గురించి ఆయన చేర్చిన షరతును ఎవరూ ఎత్తరు. పోటీ సాధ్యం కాని రంగాల్లో ప్రభుత్వ నియంత్రణ ఉండి, సరసమైన ధరకు సంతృప్తికరమైన నాణ్యత, సేవ అందేలా హామీ ఉండాలని ఆ సందేశం చెబుతుంది. ఎంపిక ఒక్కటే అన్ని చోట్లా పనిచేయదని అందులోనే ఒప్పుకున్నారు.

అది ఎందుకు పనిచేయదో నైజీరియాలో ఒక ఆర్థికవేత్త కంటపడింది. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1960ల్లో అక్కడి రైల్వేను పరిశీలించాడు. ఉత్తర నైజీరియాలో పండే వేరుశనగ దాదాపు 1,300 కిలోమీటర్ల దూరంలోని రేవులకు చేరాలి. అంత దూరం, అంత బరువు అంటే రైలుకే సొంతం కావాల్సిన సరుకు. అయినా అది లారీలెక్కి పోతోంది. పోటీదారు వచ్చాడు కదా, రైల్వే ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేయాలి. అలా జరగలేదు. ఆలస్యాన్ని ఏమాత్రం సహించని వ్యాపారులు, లారీ లేకపోతే అధికారుల బల్ల మీద గుద్ది అడిగి ఉండేవాళ్లు, ముందుగా లారీల వైపు వెళ్లిపోయారు. నోరున్నవాళ్లు పోవడంతో మిగిలిన గొంతుల్లో బలం లేదు. పోయిన రాబడి వల్ల రైల్వేకు కలిగిన బాధా పెద్దది కాదు, లోటు పూడ్చడానికి ఖజానా ఉంది. పోటీ రాకతో రైలు ఇంకా బద్ధకించింది.

ఈ పరిశీలన నుంచే 1970లో ఆయన పేరుపొందిన సిద్ధాంతం పుట్టింది. అసంతృప్తి చెందినవారు వెళ్లిపోవచ్చు, లేదా ఉండి అడగవచ్చు. సంస్థ మీద వాళ్లకున్న అభిమానం ఈ రెండింటి మధ్య తూకం మారుస్తుంది. ఫిర్యాదు చేసేవాళ్లు పోతే సోమరి గుత్తసంస్థకు పీడ వదిలినట్టే ఉంటుందని కూడా ఆయన అన్నాడు. బయటికి దారి ఉండి, దాన్ని ఇంకా వాడని మనిషి అడిగినప్పుడే ఆ అడగడానికి బరువు. నన్ని చేసింది సరిగ్గా అదే.

ఇంకో చిక్కు ఉంది. ఎంచుకునేవాళ్లు దేన్ని చూసి ఎంచుకుంటే అదే మెరుగవుతుంది. 1950ల్లో అట్లాంటిక్ దాటే విమానాల చార్జీలు కంపెనీలన్నీ కలిసి ఒప్పందంతో ఖరారు చేసేవి. ధర తగ్గించే వీలు లేదు కనుక పోటీ అంతా మర్యాదల్లోనే. 1958లో చౌక తరగతి ప్రవేశపెట్టి, అందులో శాండ్‌విచ్ తప్ప ఏమీ పెట్టకూడదని నియమం రాసుకుంటే, స్కాండినేవియా విమానసంస్థ ఒక్క రొట్టెముక్క మీద భోజనమంతా పేర్చి ఇదీ శాండ్‌విచ్చే అంది. అమెరికా విమానసంస్థ పాన్ ఆమ్ ఫిర్యాదు చేసింది. అసలు శాండ్‌విచ్ అంటే ఏమిటని పెద్ద పెద్ద కంపెనీలు కూర్చుని వాదించుకున్నాయి! తర్వాత 1978లో అమెరికా దేశీయ విమాన చార్జీల మీద నియంత్రణ ఎత్తేసే చట్టం చేసింది. ప్రయాణికులు చార్జీ చూసి ఎంచుకోవడం మొదలుపెట్టారు. చార్జీ తగ్గింది, కాళ్లు చాపుకునే చోటూ తగ్గింది. దీన్ని కంపెనీల దుర్మార్గం అని తోసిపుచ్చడం తేలిక. మనం అడిగిందే మనకిచ్చారని ఒప్పుకోవడం కష్టం.

మొబైల్ ఫోన్లు వచ్చాక గుమ్మానికి కొత్త గొళ్లెం పడింది. కంపెనీ మారితే నంబరు మారుతుంది, చుట్టాలందరికీ మళ్లీ చెప్పుకోవాలి. అందుకే జనం ఓర్చుకునేవారు. 1997లో సింగపూర్, తర్వాత వరుసగా ఇతర దేశాలు, 2003 నవంబరులో అమెరికా నంబరు అలాగే ఉంచుకుని కంపెనీ మారే వీలు కల్పించాయి. నంబరు కంపెనీ సొత్తు కాదని తేలడం చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, నా లెక్కలో వంద ఫిర్యాదు పెట్టెల పెట్టు.

ఇప్పుడు పోరాటం రద్దు చేసుకోవడం దగ్గర నడుస్తోంది. చేరడానికి ఒక్క నొక్కు, మానడానికి ఫోను, ఉత్తరం, నిరీక్షణ. ఆన్‌లైన్‌లో చేరినవారిని ఆన్‌లైన్‌లోనే మాననివ్వాలని కాలిఫోర్నియా 2018లో, వెబ్‌సైట్‌లో రద్దు బటన్ ఉండి తీరాలని జర్మనీ 2022 జూలై 1 నుంచి నియమం పెట్టాయి. అమెరికా అంతటికీ అలాంటి నియమాన్ని వాణిజ్య కమిషన్ 2024లో ఖరారు చేస్తే, పద్ధతి పాటించలేదంటూ 2025 జూలైలో కోర్టు కొట్టేసింది.

ఆ గుమ్మం విలువ కంపెనీలకు బాగా తెలుసు. మా ఇంటి ఇంటర్నెట్ మూడు వారాలపాటు రోజూ సాయంత్రం ఆగిపోయేది. ఫోను చేసిన ప్రతిసారీ కొత్త మనిషి, మొదటి నుంచి కథ. ఒక రోజు విసుగొచ్చి ‘కనెక్షన్ రద్దు’ అంకె నొక్కాను. రెండో రింగుకే ఎత్తారు. ఆ అమ్మాయి ముందు నా ఫిర్యాదుల చిట్టా అంతా తెరిచే ఉంది. మర్నాడు ఉదయం వచ్చిన టెక్నీషియన్ గోడ మీది తుప్పుపట్టిన కనెక్టరు మార్చాడు, పది నిమిషాల పని. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదయ్యా అని అడిగాను.

“మాకు ఈ పని రాత్రే చెప్పారండీ. రద్దు అంకె నొక్కినవాళ్ల పేర్లు వేరే జాబితాలో వస్తాయి, ముందు వాళ్ల ఇళ్లకే పంపిస్తారు” అన్నాడు నిచ్చెన మడుస్తూ.