కొంపెల్లి 171: గెలిచిన కేసును ప్రభుత్వమే వదులుకున్న కథ

భూపాలపల్లి వైపు అడవి భూమి తగాదా ఏది రాజుకున్నా కొంపెల్లి సర్వే నంబరు 171 మళ్లీ చర్చకు వస్తుంది. 106 ఎకరాల పైచిలుకు అడవి తమదంటూ ఒక కుటుంబం దశాబ్దాలు నడిపిన వ్యాజ్యం అది. 2024 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు దాన్ని అడవిగానే తేల్చిందని అందరికీ తెలుసు. నిజాం కాలపు పట్టాల పురాణమూ చాలామంది విన్నదే. అంతదూరం ఎందుకు పోవాల్సి వచ్చిందన్నది మాత్రం 2018, 2021 మధ్య జరిగిన దాంట్లో ఉంది.

2018లో హైకోర్టు ప్రభుత్వ అప్పీలును ఆమోదించింది. కథ అక్కడే ముగియాలి. కానీ తీర్పును మళ్లీ పరిశీలించమని కుటుంబం అదే కోర్టులో రివ్యూకు వెళ్లింది. ఆ దశలో ప్రభుత్వంలోనే అటవీశాఖ ఒక మాట, జిల్లా యంత్రాంగం ఇంకో మాట చెప్పాయి. గెలిచిన పక్షమే ఓడిన పక్షానికి పనికొచ్చే అఫిడవిట్ వేయడం మన కోర్టుల్లోనూ అరుదే. 2021లో హైకోర్టు తన తీర్పును తానే తిరగేసింది. సుప్రీంకోర్టు మండిపడింది ఇక్కడే. కుమ్మక్కు అఫిడవిట్లు వేసిన అధికారులపై విచారణ జరుపుకోవచ్చని చెప్పి, ప్రభుత్వానికీ కుటుంబానికీ చెరో 5 లక్షల రూపాయల ఖర్చులు విధించింది.

తాము పట్టాదారు వారసులమని, సర్వేలో పొరపాటున తమ భూమి అడవిలో కలిసిందని కుటుంబం వాదన. 1317 ఫసలీ (నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరం) నాటి భూమి శిస్తు చట్టం కింద దాన్ని సరిదిద్దమని జాయింట్ కలెక్టర్‌ను అడిగింది. కానీ ఈ భూమిని రిజర్వు ఫారెస్టుగా 1971లోనే నోటిఫై చేశారు. 1967 అటవీ చట్టం ప్రకారం అభ్యంతరాలేవైనా అంతకు ముందే ఫారెస్ట్ సెటిల్‌మెంట్ అధికారి ముందు పెట్టుకోవాలి. గడువు దాటాక రెవెన్యూ దారిలో భూమిని అడవి నుంచి తప్పించుకోవడం కుదరదు.

వాదప్రతివాదుల్లో ఒకవైపు కుటుంబం, మరోవైపు ప్రభుత్వం. ఊరు ఎక్కడా లేదు. ఈ ప్రాంతపు అడవిని ఏటా కాచేది మాత్రం ఊరి చేతులే. మాఘ ఫాల్గుణాల్లో తునికి (బీడీ ఆకు) పొదలు కొడతారు, ఎండలు ముదిరాక లేతాకు తెంపి యాభై ఆకులకో కట్ట కట్టి కల్లంలో ఆరబెడతారు. కట్ట సన్నగా ఉంటే కల్లేదారు, అంటే కల్లంలో ఆకు లెక్క చూసేవాడు, పక్కన పడేస్తాడు. అడవికి నిప్పంటుకుంటే ఆకు పోతుంది, కూలీ పోతుంది. అడవి ఉండాలన్న పట్టుదల వాళ్లకు అలా వచ్చింది.

అటవీశాఖతో కలిసి అడవిని కాచే ఊరి కమిటీలైన వన సంరక్షణ సమితులు 1990లలో వచ్చినా పెత్తనం అటవీశాఖదే. 2006 అటవీ హక్కుల చట్టం, సామూహిక అటవీ వనరును కాపాడే, నిర్వహించే హక్కును సంప్రదాయంగా దాన్ని కాచుకుంటున్న గ్రామాలకే ఇచ్చి, బాధ్యత గ్రామసభపై పెట్టింది. ఉమ్మడి రాష్ట్రంలో మాత్రం ఆ హక్కు పత్రాలను చాలాచోట్ల గ్రామసభలను పక్కనపెట్టి సమితుల పేరిట రాశారు. 2023లో తెలంగాణ 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచింది, అవి వ్యక్తుల పేరిట. 171 ఈసారి అడవిగా దక్కింది గానీ, మళ్లీ ఎవరైనా కాగితం పట్టుకొస్తే దానిపై ముందుగా సంతకం అడిగేది కలెక్టరేట్‌లోనే, కొంపెల్లి గ్రామసభలో కాదు.