కండక్టర్‌ని తిట్టేముందు: రష్యన్ బ్యాలే రికార్డింగ్‌లు పోల్చేవాళ్ల అపోహలు, వాస్తవాలు

"చివర్లో మొత్తం చెడగొట్టాడండీ, స్వరాన్ని నిలబెట్టనే లేదు, ముక్కలు ముక్కలుగా కోసి పారేశాడు" అని మొన్న ఒకాయన ఒక కండక్టర్ (కర్ర ఊపుతూ ఆర్కెస్ట్రాని నడిపించేవాడు) మీద గంటసేపు విరుచుకుపడ్డాడు. ఆయన వింటున్నది రష్యన్ స్వరకర్త స్ట్రావిన్‌స్కీ బ్యాలే 'ఫైర్‌బర్డ్'. ముగింపులో ఏడు లెక్కల మీద నడిచే పెద్ద పాట ఒకటుంటుంది (మిశ్రం అలవాటైన మన చెవికి అక్కడ ప్రాణం లేచొస్తుంది), అందులో ఆర్కెస్ట్రా ఒక్కో స్వరాన్నీ సాగదీయకుండా కొట్టి వదిలేస్తోందని ఆయన బాధ. పాపం, కండక్టర్ చేసిందేమీ లేదు. 1910 బ్యాలేలోనూ 1919 సూట్‌లోనూ (సూట్ అంటే బ్యాలేలోంచి కచేరీ కోసం ఏరి కూర్చింది) ఆ స్వరాలు సాగుతాయి, 1945 సూట్ రాసినప్పుడు స్ట్రావిన్‌స్కీయే వాటిని తుంచేశాడు. మనవాడు కొన్న సీడీ 1945 సూట్‌ది.

పాత గ్రామఫోన్ రికార్డులు, ఎల్పీలు డిజిటల్‌లోకి ఎక్కించడం నా పని. ఈ బ్యాలేల పిచ్చి ఆ పనిలోనే అంటుకుంది. ఇన్నేళ్లు విన్నాక చెప్తున్నాను, రెండు రికార్డింగ్‌ల మధ్య మనకి వినిపించే తేడాల్లో బోలెడన్నిటికి కండక్టర్‌తో సంబంధమే ఉండదు. అయినా తిట్లు మాత్రం ఆయనకే పడతాయి.

అపోహ: అట్ట మీద పేరు ఒకటే అయితే లోపల సంగీతమూ ఒకటే.

ఎక్కువమంది పడేది ఇక్కడే. 'ఫైర్‌బర్డ్' పూర్తి బ్యాలే ముప్పావు గంట, 1919 సూట్ ఇరవై నిమిషాల పైచిలుకు. అంత తేడా ఉంటే ఎవరికైనా తెలుస్తుంది. మోసం చేసేది స్ట్రావిన్‌స్కీదే ఇంకో బ్యాలే 'పెత్రూష్కా', ప్రాణమొచ్చిన బొమ్మ కథ. 1911లో పారిస్‌లో ఆడినప్పుడు రాసింది ఒకటి, అమెరికా వెళ్లాక 1947లో తిరగరాసింది ఇంకొకటి. కథ అదే, వరసలు అవే, నిడివి కూడా దగ్గర దగ్గరే, కానీ ఆర్కెస్ట్రా మారిపోయింది. నాలుగేసి చెక్క ఊదు వాద్యాలు మూడేసి అయ్యాయి, రెండు హార్ప్‌లు ఒకటయ్యాయి, పియానోకి పని పెరిగింది. అందుకే 1947 రూపం గీత గీసినట్టు పదునుగా, కాస్త పొడిగా ఉంటుంది. అది విని "ఈ కండక్టర్‌కి రంగులు తెలియవు" అనేస్తాం.

గుర్తుపట్టడానికి ఒక చోటు చెప్తాను. మూడో దృశ్యంలో బొమ్మ బాలెరీనా ఆడుతుంది, వెనక చిన్న డ్రమ్ము, పైన ఒక్క ఊదు వాద్యం. 1911లో అది కార్నెట్, గుండ్రంగా, కొంచెం సంతలో బ్యాండుమేళంలా ఉంటుంది. 1947లో అదే పాట ట్రంపెట్‌కి వెళ్లింది, అంచు తేలి వినిపిస్తుంది. రెండుసార్లు పక్కపక్కన పెట్టి వింటే మళ్లీ పొరబడరు. ఇంకొకటి, కచేరీ కోసం రాసిన ముగింపు ఒకటుంది. అది వాడితే పెత్రూష్కా చావు, అతను దయ్యమై కనిపించేటప్పటి ట్రంపెట్, ఆఖర్న తీగలు మీటే ఆ మెల్లని చప్పుడు ఏవీ ఉండవు, గట్టిగా మోగి ఆగిపోతుంది. "సీడీ పాడైందా?" అని నన్నడిగినవాళ్లున్నారు.

అపోహ: స్వరకర్తే నడిపించాడు కాబట్టి అదే ప్రమాణం.

ఏ స్వరకర్త? 1929 స్ట్రావిన్‌స్కీయా, 1940 స్ట్రావిన్‌స్కీయా, 1960 స్ట్రావిన్‌స్కీయా? తన ఇంకో బ్యాలే 'రైట్ ఆఫ్ స్ప్రింగ్'ని ఆయన మూడుసార్లు రికార్డు చేశాడు, ఆ మూడూ ఒకదానితో ఒకటి ఒప్పుకోవు. పైగా మధ్యలో 1943లో చివరి బలి నృత్యాన్ని తిరగరాశాడు, 1947లో స్కోరు (రాతలో ఉన్న సంగీతం) కొత్త ముద్రణ వచ్చింది. 1929 నాటికి ఆయనకి ఈ కృతిని నడిపించడంలో అనుభవం అంతంతమాత్రమే, మొదటిసారి నడిపిందే 1926లో. మొదట్లో దీన్ని మోసింది కండక్టర్ పియెర్ మాంటూ, 1913 మే 29న మొదటి ప్రదర్శనలో ప్రేక్షకులు గొడవ చేసిన రాత్రి కర్ర పట్టుకున్నది ఆయనే. ఆయన కూడా అదే 1929లో, అదే పారిస్‌లో రికార్డు చేశాడు. రెంటిలోనూ వాద్యగాళ్లు తడబడటం వినిపిస్తుంది, తాళం లెక్క అడుగడుక్కీ మారే చివరి నృత్యంలో మరీను. నాకైతే ఆ తడబాటే ఇష్టం. ఇప్పటి ఆర్కెస్ట్రాలకి అది కొట్టిన పిండి, ఎవరికీ భయం లేదు.

(ఆ గొడవ సంగీతం వల్లే అన్నది ఇంకో అపోహ. 1914 ఏప్రిల్‌లో మాంటూయే నృత్యం లేకుండా కచేరీగా నడిపిస్తే, అదే పారిస్ జనం స్ట్రావిన్‌స్కీని భుజాల మీద మోశారు.)

అపోహ: నిడివి చూస్తే ఎవరిది వేగమో తెలిసిపోతుంది.

ఇందులో నేనే బోల్తాపడ్డాను. ఒకరు తెచ్చిచ్చిన 'రైట్' 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ సెట్ ఎక్కించి, టైములు కూడి, "చూశారా, పాతవాళ్లు ఎంత దూకుడుగా వాయించేవాళ్లో" అని స్నేహితులకి గొప్పగా పంపాను. వారం తర్వాత ఎందుకో కీబోర్డు పక్కన పెట్టుకుని మొదటి స్వరం సరిచూశాను. 'రైట్' మొదలయ్యేది ఒంటరి బాసూన్‌తో (పొడుగాటి చెక్క ఊదు వాద్యం), పై స్థాయి C స్వరం మీద, అదీ కాసేపు పట్టుకుని ఉంటుంది, శ్రుతి చూసుకోవడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. అది C కాదు, దాని పై మెట్టు C షార్ప్ కాదు, రెంటికీ నడుమ వేలాడుతోంది. అంటే నా టర్న్‌టేబుల్ దాదాపు మూడు శాతం ఎక్కువ తిరిగింది. 33 నిమిషాల కృతి ఆ లెక్కన నిమిషం ముందే అయిపోతుంది. పాతవాళ్ల దూకుడంతా నా మోటారుదన్నమాట! ఇంకో తిరకాసు, ఫ్రాన్స్‌లో 1859 నుంచి అధికారిక శ్రుతి A స్వరం అంటే 435 హెర్ట్జ్, ఇప్పటి 440 కాదు. కాబట్టి కచ్చితంగా 440కి తెచ్చి పెట్టినా సరిపోయిందని గుండె మీద చెయ్యేసి చెప్పలేం. పైగా పన్నెండు అంగుళాల రికార్డు ఒక్కో వైపు పట్టేది నాలుగు నిమిషాల చిల్లర, ఈ కృతికి ఎనిమిది వైపులైనా కావాలి. వైపు మారేచోట కండక్టర్ నెమ్మదిస్తే అది వ్యాఖ్యానం కాదు, అక్కడ వైపు అయిపోతోంది, అంతే.

అపోహ: రష్యన్ ఆర్కెస్ట్రా అయితేనే అసలు రుచి.

ఈ మూడు బ్యాలేలూ రష్యన్ నిర్వాహకుడు ద్యాగిలెవ్ బ్యాలే బృందం కోసం రాసినవి, మొదట మోగింది పారిస్‌లో. మాస్కో బోల్షోయ్ థియేటర్‌లో 'రైట్' ఎక్కింది 1965లో. రష్యన్ బ్రాస్‌లో (ఇత్తడి ఊదు వాద్యాల్లో) ఆ వణుకు, ఆ మొరటుతనం నాకూ ఇష్టమే, అలాగని అదే 1913 ధ్వని అనుకుంటే పొరపాటు. ఆనాటి పారిస్‌లో వాడింది ఫ్రెంచి రకం బాసూన్, ఇప్పుడు ఎక్కువ ఆర్కెస్ట్రాల్లో ఉండే జర్మన్ రకం కన్నా సన్నగా, ముక్కుతో పాడినట్టు ఉంటుంది. ఫ్రాంస్వా-గ్జావియే రోత్ నడిపిన లే సియెక్ల్ బృందం ఆనాటి ఫ్రెంచి వాద్యాలతో వాయించింది, ఆ మొదటి అర నిమిషం వినండి చాలు.

అపోహ: నా చెవి నన్ను మోసం చేయదు.

చేస్తుంది. ఒకే రికార్డింగ్‌ని ఒక్క డెసిబెల్ పెంచి వినిపిస్తే "ఇందులో జీవం ఉంది" అంటారు, నేనూ అన్నాను. వాల్యూమ్ సమం చేయకుండా పోల్చకండి, అదీ 'రైట్' మొదట్లో వచ్చే బాసూన్ దగ్గర కాదు. ఒక్క బాసూన్ హాయిగా వినిపించేదాకా పెంచారంటే మూడు నిమిషాల తర్వాత పక్కింటివాళ్లు వస్తారు. తీగలన్నీ ఒకే కార్డ్‌ని (కలిపి మోగే స్వరాల గుత్తిని) దంచుతూ ఎనిమిది హార్న్‌లు మధ్యమధ్య గుచ్చే చోట సమం చేయండి.

ఇక స్ట్రావిన్‌స్కీ కూడా మనలాంటివాడే. 1964లో కరాయన్, బూలెజ్, క్రాఫ్ట్ అనే ముగ్గురు కండక్టర్ల 'రైట్'లూ పక్కపక్కన పెట్టుకుని సమీక్ష రాశాడు, ఏ ఒక్కటీ నచ్చలేదు, కరాయన్‌దైతే మరీ ఎకసెక్కం చేశాడు. కరాయన్ 1970లలో మళ్లీ రికార్డు చేశాడు. రెండూ నా దగ్గరున్నాయి. నాకు మొదటిదే ఇష్టం, కాకపోతే నలుగురిలో పైకి అనను.