చలికాలం జ్వరాల లెక్కలు: అపోహలు - వాస్తవాలు

జిల్లా వ్యాధి నిఘా విభాగంలో పని చేస్తుంటాను. చలి మొదలైందంటే మా ఫోన్లకు తీరిక ఉండదు. అడిగేవాళ్లు మారతారు కానీ ప్రశ్నలు ఇవే.

అపోహ: ఈ వారం కేసులు పెరిగాయంటే జబ్బు పెరిగినట్టే.

వాస్తవం: కాకపోవచ్చు. సంక్రాంతి వారం లెక్క చూస్తే జిల్లాలో ఎవరికీ తుమ్ము కూడా రాలేదనిపిస్తుంది. ఓపీలు మూత, జనం ప్రయాణాల్లో, పండగపూట ఆసుపత్రికి ఎవరొస్తారు? మరుసటి వారం అందరూ ఒకేసారి వస్తారు, గ్రాఫ్ నిటారుగా లేస్తుంది. కొత్త ల్యాబ్‌లో పరీక్షలు మొదలైనా ఇదే తంతు. అందుకే అంకె ఒక్కటే చూడం. ఎంతమందికి పరీక్ష చేస్తే ఎంతమందికి పాజిటివ్ వచ్చింది, ఆయాసంతో చేరేవాళ్లు పెరిగారా, కిందటేడు ఇదే రోజుల్లో ఎలా ఉంది, ఇవి పక్కపక్కన పెట్టాకే నోరు విప్పుతాం. ఈలోగా టీవీలో 'విజృంభణ' అని స్క్రోలింగ్ వచ్చేస్తుంది, మేం నిద్రపోతున్నామని తిట్లూ పడతాయి.

అపోహ: ల్యాబ్‌లో తేలితేనే ప్రభుత్వానికి తెలుస్తుంది.

వాస్తవం: మొదటి కబురు చాలాసార్లు ఉపకేంద్రం ఏఎన్ఎం నుంచే వస్తుంది. 2004లో మొదలైన ఐడీఎస్పీ అనే దేశవ్యాప్త వ్యాధి నిఘా కార్యక్రమంలో మూడు ఫారాలున్నాయి. లక్షణాలు చూసి ఏఎన్ఎం నింపేది ఎస్, డాక్టర్ అనుమానించి రాసేది పి, పరీక్షలో తేలింది ఎల్. ఒకప్పుడు ఇవి వారానికోసారి చేరేవి. 2021 నుంచి ఐహెచ్ఐపీ అనే ప్రభుత్వ ఆరోగ్య సమాచార పోర్టల్‌లో రోజూ ఎక్కుతున్నాయి. ఎస్ ఫారంలో జబ్బు పేరే ఉండదు. జ్వరం ఎన్నాళ్లుగా, దద్దుర్లున్నాయా, మగతగా ఉన్నారా, అంతే. ఒకే వీధిలో నాలుగిళ్లకు ఒకే సమాధానం వస్తే మాకు చాలు, పేరు తేలకముందే టీమ్ బయల్దేరుతుంది.

అపోహ: దగ్గు, జలుబు ఉంటే స్వైన్‌ఫ్లూ పరీక్ష చేయించాలి.

వాస్తవం: దేశంలో తొలి కేసు 2009 మేలో హైదరాబాద్‌లోనే బయటపడింది, ఆ టెన్షన్ మనవాళ్లను ఇంకా వదల్లేదు. ఇప్పుడది ఏటా వచ్చే మామూలు ఫ్లూల్లో ఒకటి. తేలికపాటి జ్వరం, గొంతు నొప్పికి పరీక్ష అక్కర్లేదని కేంద్ర మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఇంట్లో విశ్రాంతి చాలు. ఆయాసం, ఛాతీ నొప్పి, కళ్లెలో రక్తం, గోళ్లు నీలంగా మారడం ఉంటే మాత్రం రిపోర్టు కోసం ఆగకుండా ఆసుపత్రిలో చేరాలి.

అపోహ: ఫ్లూ చలికాలంలోనే వస్తుంది.

వాస్తవం: మన దేశంలో ఏటా రెండుసార్లు పెరుగుతుంది: జనవరి-మార్చి మధ్య ఒకసారి, వానాకాలం చివర్లో మరోసారి.

అపోహ: చలికాలం జ్వరాలన్నీ వైరలే, వాటంతటవే తగ్గుతాయి.

వాస్తవం: నాకు ఎక్కువ భయం దీంతోనే. పొదల్లో, గడ్డిలో ఉండే చిగ్గర్ అనే చిన్న పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. ఇది బ్యాక్టీరియా జబ్బు, డాక్సీసైక్లిన్‌తో తగ్గుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీల మీదికి వస్తుంది. కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది, అందరికీ కాదు. చంకలో, నడుం దగ్గర, గజ్జల్లో ఉంటుంది, నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కనిపిస్తే సిగ్గుపడకుండా డాక్టర్‌కు మీరే చూపించండి, రద్దీ ఓపీలో బట్టల మాటున వెతికే తీరిక అందరికీ ఉండదు.