క్రోషేలో అలల అల్లిక: అపోహలు - వాస్తవాలు

క్రోషే (కొక్కెం ఉన్న సూదితో దారం అల్లే పని) నేర్చుకునేవాళ్లు అడిగి మరీ చెప్పించుకునే డిజైన్లలో అలలది ముందుంటుంది. పసిపిల్లల దుప్పటికి, సోఫా మీది గుడ్డకు, చీర కొంగుకు, దేనికి వేసినా నిండుగా ఉంటుంది. సగంలో వదిలేసేది కూడా ఎక్కువగా దీన్నే. నాలుగైదు వరసలు దాటగానే పక్కలు లోపలికి పోతాయి, అల చదునవుతుంది, "నా చేతికి ఇది రాదండీ" అని సంచిలో పెట్టేస్తారు. అలా వదిలేసినవి విప్పి చూస్తే చేతికి వంక పెట్టాల్సింది పెద్దగా ఉండదు. ఎక్కడో ఒకటో రెండో కుట్ల లెక్క తప్పి ఉంటుంది. తరచుగా వినబడే మాటల్ని ఒక్కొక్కటే తీసుకుని చెబుతాను.

అపోహ: దారాన్ని ఒకచోట బిగించి ఇంకోచోట వదిలితే అల వస్తుంది.

దారం బిగువు మొదటి కుట్టు నుంచి చివరి కుట్టు దాకా ఒకేలా ఉండాలి. అల పుట్టించే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఈ రెండూ కలగాపులగం కావడం వల్లే సగం తికమక.

మొదటిది పెంచడం, తగ్గించడం. ఒక కుట్టులో రెండు కుట్లు వేస్తే అక్కడ మిట్ట లేస్తుంది. రెండు కుట్లను కలిపి ఒకటిగా ముగిస్తే అక్కడ పల్లం పడుతుంది. నేను నేర్పేది 14 కుట్ల లెక్క. పక్కపక్కనున్న రెండు కుట్లలో రెండేసి డబుల్ క్రోషేలు (కాస్త పొడవుండే కుట్టు) వేయాలి. తర్వాత నాలుగు మామూలుగా. ఆ తర్వాతి నాలుగింటిని రెండేసి చొప్పున కలిపి రెండు చేయాలి. మళ్లీ నాలుగు మామూలుగా. కింది వరసలో వాడుకున్నవి 2, 4, 4, 4, మొత్తం 14. పైన తయారైనవి 4, 4, 2, 4, అవీ 14. రెండు పెరిగాయి, రెండు తగ్గాయి కాబట్టి ఎన్ని వరసలు అల్లినా వెడల్పు కదలదు. పెంచడం రెండు కుట్ల మీద పంచాం కాబట్టి మిట్ట గుండ్రంగా తేలుతుంది. అదే ఒకే కుట్టులో మూడు వేసి, పల్లంలో మూడింటిని ఒకటిగా కలిపితే కోసుగా, జిగ్‌జాగ్‌లా వస్తుంది.

రెండో పద్ధతిలో పెంచడం, తగ్గించడం ఏదీ ఉండదు, ఎత్తుపల్లాలన్నీ కుట్ల పొడవుతోనే వస్తాయి. దీనికీ 14 కుట్లే (సింగిల్ అన్నిటికంటే పొట్టి కుట్టు, తర్వాత హాఫ్ డబుల్, డబుల్, ట్రెబుల్ వరసగా పొడవైనవి): మూడు సింగిల్, రెండు హాఫ్ డబుల్, రెండు డబుల్, మూడు ట్రెబుల్, మళ్లీ రెండు డబుల్, రెండు హాఫ్ డబుల్. ఈ వరస పైన ఒక సింగిల్ వరస నడిపిస్తే అల గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఆ తర్వాతి వరసలో మొదటి అల వరసను తలకిందులు చేయాలి. సింగిల్ ఉన్నచోట ట్రెబుల్, హాఫ్ డబుల్ ఉన్నచోట డబుల్, డబుల్ మీద హాఫ్ డబుల్, ట్రెబుల్ మీద సింగిల్. గొలుసుల (ఉచ్చులోంచి దారం లాగి వేసే, అన్నిటికంటే సులువైన కుట్టు) ఎత్తులో కొలిస్తే సింగిల్ 1, హాఫ్ డబుల్ 2, డబుల్ 3, ట్రెబుల్ 4. పైదీ కిందిదీ కూడితే ఎక్కడైనా 5 వస్తుంది. అందుకే పైఅంచు మళ్లీ తిన్నగా తేలుతుంది. ఈ లెక్క నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. నేర్చుకునేవాళ్లకు ఇది ఒక్కసారి తెలిసిందంటే ప్యాటర్న్ కాగితం పక్కన పెట్టి సొంతంగా అలలు గీసుకోవడం మొదలుపెడతారు.

అపోహ: పక్కలు లోపలికి పోతున్నాయంటే చెయ్యి బిగుతు.

అల్లిక మొదలుపెట్టే గొలుసు వరస బిగుతుగా పడితే కింది అంచు ఒక్కటే ముడుచుకుంటుంది. దానికి మందు చిన్నది: గొలుసు వరకు అర సైజు పెద్ద సూదితో వేసుకుని, తర్వాత అసలు సూదికి మారాలి. కానీ వరస వరసకూ పక్కలు తగ్గుతూ పోతుంటే కుట్లు పోతున్నాయని అర్థం.

పోయే చోటు దాదాపు ఎప్పుడూ ఒకటే. వరస మొదట్లో వేసే మూడు గొలుసులు ఒక డబుల్‌తో సమానం. వెనక్కి తిరిగి వచ్చినప్పుడు ఆ మూడో గొలుసు తలలో కుట్టు వేయాలి. అది పక్కకు వాలి ఉంటుంది, చూపుకి కుట్టులా కనబడదు. అక్కడ వేయకుండానే వరస అయిపోయిందనుకుని తిరిగేస్తారు. అలా వరసకొకటి పోతుంది.

ఇంకో సంగతి, అంచుల్లో సగం మిట్ట ఉంటుందన్నది చాలా వీడియోల్లో గబగబా దాటేస్తారు. నా 14 లెక్కలో వరస మిట్ట నడుమ మొదలై మిట్ట నడుమే ముగుస్తుంది. కాబట్టి మొదటి కుట్టులో రెండు (మూడు గొలుసులు, అదే కుట్టులో ఒక డబుల్), చివరి కుట్టులో రెండు. లోపల మిట్టకు నాలుగు, అంచులో అందులో సగం. ఇది పాటిస్తే వేసుకోవాల్సిన కుట్ల సంఖ్య సరిగ్గా 14, 28, 42 ఇలా వస్తుంది.

వరసంతా లెక్కపెడుతూ కూర్చోనక్కర్లేదు. అల్లికను చూసి చదవడం నేర్చుకోండి. కింది వరసలో పెంచిన నాలుగు కుట్లలో నడిమి రెండింటిలోనే మళ్లీ పెంచాలి. కింది వరసలో కలిపి తగ్గించిన రెండు కుట్లు, వాటికి అటొకటి ఇటొకటి, ఈ నాలుగింటినే మళ్లీ తగ్గించాలి. కలిపిన కుట్టు వేలికి కాస్త లావుగా తగులుతుంది, రెండు కాళ్లు కింద విడిపోయి పైన ఒకే తల ఉంటుంది. ఇంకా అనుమానంగా ఉంటే ప్రతి మిట్ట నడుమ వేరే రంగు దారం ముక్క కట్టుకోండి. ఒక ముక్క నుంచి ఇంకో ముక్క దాకా 14 ఉన్నాయంటే లెక్క సరిపోయినట్టే.

అపోహ: గొలుసు ఎంత పొడవుంటే దుప్పటి అంత వెడల్పు.

మొదటి పద్ధతిలో అల లేచేకొద్దీ అల్లిక పక్కల నుంచి దగ్గరకు లాక్కుంటుంది. గొలుసును మంచం మీద పరిచి వెడల్పు నిర్ణయిస్తే దుప్పటి కురచవుతుంది. 28 కుట్లతో ఆరు వరసలు అల్లి, కొలిచి, దాన్నిబట్టి లెక్కేయండి. రెండో పద్ధతిలో ఈ బాధ లేదు.

అపోహ: ఏ వీడియోలోనైనా డబుల్ క్రోషే అంటే ఒకటే.

పైన నేను రాసినవన్నీ అమెరికా పేర్లు. బ్రిటన్‌లో డబుల్ క్రోషే అంటే మన సింగిల్, వాళ్ల ట్రెబుల్ మన డబుల్, వాళ్ల డబుల్ ట్రెబుల్ మన ట్రెబుల్. ప్యాటర్న్‌లో సింగిల్ అన్న మాట ఉంటే అమెరికా పద్ధతి, హాఫ్ ట్రెబుల్ ఉంటే బ్రిటన్ పద్ధతి అని గుర్తు పట్టొచ్చు.

అపోహ: నాలుగైదు రంగులు లేకపోతే అల కనబడదు.

ఒకే రంగులోనూ కనబడుతుంది. కుట్టు తలలో ఉండే రెండు దారాల్లో వెనకదానిలోనే సూది గుచ్చి అల్లితే ముందుది గీతలా మిగిలిపోయి అల ఉబ్బెత్తుగా తేలుతుంది. గోధుమ రంగు నూలుతో అల్లితే నాకు రంగురంగుల దానికంటే ఇదే బాగుంటుంది.

అపోహ: ఇప్పుడు మెషిన్లే క్రోషే అల్లేస్తున్నాయి.

ఈ మాట నన్ను నిజంగా బాధపెడుతుంది. అసలైన క్రోషే అల్లే మెషిన్ మార్కెట్లో లేదు. క్రోషే మెషిన్ అని పేరున్నవి అల్లేది క్రోషే కాదు, ఒక రకం నిట్టింగు. అంటే బజార్లో కనబడే క్రోషే టాప్, టేబుల్ గుడ్డ నిజంగా క్రోషేనే అయితే, ప్రతి కుట్టూ ఒక మనిషి వేసిందే. పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు తరాలుగా ఇంటి అరుగుల మీద లేసు అల్లుతున్నారు. 1844 ప్రాంతంలో స్కాట్లాండ్ మిషనరీలు నేర్పారని చెబుతారు. అక్కడ అల్లిన లేసు విదేశాలకు వెళుతుంది. నర్సాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు వస్తువని తెలిపే జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. అయినా బేరం దగ్గరికొచ్చేసరికి "మెషిన్‌ది ఇంతకే వస్తోంది కదా" అంటారు. అల్లినామెకు దక్కేదాన్ని ఆ ఒక్క మాట కోసేస్తుంది. అడిగినవాళ్లకు విడమరిచి చెప్పండి.

అపోహ: వంకర్లు ఏమున్నా చివర్లో ఇస్త్రీ పెడితే సరి.

ఏ దారం అన్నదాన్నిబట్టి ఉంటుంది. మన షాపుల్లో ఊలు అని అమ్మేది చాలావరకు యాక్రిలిక్. దాని మీద వేడి ఇస్త్రీపెట్టె ఆనిస్తే కరిగి జీవం పోయి జారిపోతుంది, మళ్లీ మామూలు కాదు. ఆవిరిని కాస్త ఎత్తు నుంచి తగలనిస్తే చాలు. నూలు దారమైతే తడిపి, తువ్వాలులో పెట్టి పిండకుండా ఒత్తి, పరుపు మీద పరిచి, ప్రతి మిట్టకూ ప్రతి పల్లానికీ తుప్పు పట్టని గుండుసూది గుచ్చండి. పూర్తిగా ఆరేదాకా తీయకూడదు. లెక్క తప్పిన వరస మాత్రం దీనికీ సర్దుకోదు, అక్కడిదాకా విప్పి మళ్లీ అల్లుకోవాల్సిందే.