సుంకి ఘాట్‌కి ఏ గేరు?

సాలూరు దాటగానే రోడ్డు ఎత్తు అందుకుంటుంది. అక్కణ్ణుంచి ఒడిశాలోని సుంకి, పొట్టంగి మీదుగా సిమిలిగుడ చేరేదాకా మలుపు మీద మలుపు. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఆ దారి చల్లగాలి. సైకిల్ మీద వెళ్తే ఊపిరి పరీక్ష.

మూడేళ్ల కిందట నేను ఆ ఘాట్ ఎక్కింది ఫ్రేమ్ మీద "21 గేర్లు" అని రాసి ఉన్న సైకిల్‌తో. ముందు మూడు పళ్ల చక్రాలు, వెనక ఏడు. ఇన్ని ఉన్నాయి కదా, ఏదో ఒకటి పనికొస్తుందిలే అనుకున్నాను. సగం దారిలో అన్నిటికన్నా తేలిక గేరులో కూడా మోకాళ్లు పట్టేశాయి. దిగి తోసుకుంటూ నడిచాను.

ఇప్పుడు జయపురంలో మా మేనల్లుడు సైకిల్ కొంటానంటున్నాడు. దేవమాలి ఎక్కాలని వాడి కోరిక. 1672 మీటర్ల ఎత్తు, ఒడిశాలో అంతకు మించిన కొండ లేదు. "మావయ్యా, షిమానో మంచిదా, స్రామ్ మంచిదా?" అని రోజూ ఫోను. రెండూ సైకిల్ గేర్లు చేసే కంపెనీలు. కంపెనీ సంగతి తర్వాత, ముందు పళ్లు లెక్కపెట్టరా అని చెప్పాను.

లెక్క చాలా సులువు. ముందు చక్రం పళ్లను వెనక చక్రం పళ్లతో భాగించి, టైరు చుట్టుకొలతతో హెచ్చించాలి. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే సైకిల్ ఎంత దూరం కదులుతుందో వస్తుంది. నా పాత సైకిల్లో అన్నిటికన్నా తేలిక గేరంటే ముందు 24, వెనక 28 పళ్లు. 27.5 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 2.15 మీటర్లు. అంటే చుట్టుకి 1.84 మీటర్లు. ఈ రోజుల్లో వస్తున్న 12 గేర్ల సైకిల్లో ముందు 32, వెనక 50 ఉంటే, 29 అంగుళాల చక్రంతో కూడా చుట్టుకి 1.47 మీటర్లే.

ఈ తేడా కాలికి ఎలా తెలుస్తుందో చూద్దాం. మనిషి, సైకిల్ కలిపి 85 కిలోలనుకోండి. వంద మీటర్లకి 12 మీటర్లు ఎక్కే బాట మీద కొండ మనల్ని వెనక్కి లాగే బలం దాదాపు 100 న్యూటన్లు. ఊళ్ల వెనక చోడి చేల గట్లమ్మట పోయే బాటల్లో అలాంటి వాలు మామూలే. 170 మిల్లీమీటర్ల క్రాంకుతో (పెడల్‌ని పట్టి ఉంచే కడ్డీ) లెక్క కడితే, నా పాత సైకిల్లో పెడల్ మీద సగటున పదిహేడున్నర కిలోల బరువు మోపాలి. రెండో దాంట్లో 14 కిలోలు చాలు. మూడున్నర కిలోలే కదా అనిపిస్తుంది. గంటసేపు ప్రతి తొక్కుకీ అది మోయాలి.

అందుకే 21 అనే అంకె నన్ను మోసం చేసిందంటాను. ముందు మూడూ వెనక ఏడూ హెచ్చిస్తే 21 వస్తుంది గాని, వాటిలో చాలా గేర్లు ఒకదానిమీద ఒకటి పడతాయి. 2012లో స్రామ్ ముందు ఒకే చక్రం, వెనక 10 నుంచి 42 పళ్లదాకా 11 చక్రాలు పెట్టి, కొండ సైకిళ్లలో ముందు గేరు మార్చే పనే తీసేసింది. 2016లో ఈగల్ పేరుతో 12 చక్రాలు, 10 నుంచి 50 పళ్లు. షిమానో 2018లో 10–51తో బదులిచ్చింది. ఎక్కే శక్తి విషయంలో ఈ రెండింటి మధ్య ఒక్క పన్ను తేడా. దానికోసం కొట్టుకోనక్కర్లేదు.

అసలు తేడా కేబుల్లో, అంటే హ్యాండిల్ మీది లీవరు నుంచి వెనక గేరు మార్చే భాగం దాకా పోయే సన్న తీగలో ఉంది. నాకు ఈ విషయమంతటిలో ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే.

పాత రోజుల్లో లీవరు కొంచెం కొంచెంగా జరుపుతూ, చెవితో వింటూ గేరు పట్టుకునేవాళ్లు. 1964లో జపాన్ కంపెనీ సన్‌టూర్, చైనును జరిపే డీరైలర్‌లోని నాలుగు మూలల చట్రాన్ని ఏటవాలుగా పెట్టింది. దాంతో డీరైలర్ పక్కకి జరుగుతూనే కిందికి కూడా దిగి, పెద్ద చక్రమైనా చిన్న చక్రమైనా ఇంచుమించు ఒకే దూరంలో ఉండగలిగింది. ఆ పేటెంటు గడువు 1984లో తీరింది. అదే సమయంలో షిమానో ఒక్కో నొక్కుకి 'టక్' మని ఒక్కో గేరు పడే పద్ధతిని తెచ్చింది. ఇప్పుడు మనం వాడేదంతా దాని సంతానమే.

ఆ 'టక్' వెనక మిల్లీమీటర్ల లెక్క ఉంది. వెనక తొమ్మిది చక్రాలుంటే ఒక చక్రానికీ పక్కదానికీ మధ్య సుమారు 4.35 మిల్లీమీటర్లు. షిమానో తొమ్మిది గేర్ల లీవరు ఒక్క నొక్కుకి కేబుల్‌ని దాదాపు 2.5 మిల్లీమీటర్లు లాగుతుంది. డీరైలర్ దాన్ని 1.7 రెట్లు చేసి జరుగుతుంది. స్రామ్ తొంభైల్లో ఇంకో దారి పట్టింది. లీవరే 4 మిల్లీమీటర్లు లాగుతుంది, డీరైలర్ దాన్ని 1.1 రెట్లు మాత్రమే చేస్తుంది. చేరే చోటు ఒకటే. కానీ కేబుల్ గొట్టంలోకి మట్టి చేరి అర మిల్లీమీటరు ఎగ్గొట్టిందనుకోండి, షిమానో పద్ధతిలో ఆ తప్పు 0.85 అవుతుంది, స్రామ్‌లో 0.55 దగ్గర ఆగుతుంది. మా కొరాపుట్ ఎర్రమట్టి వానాకాలంలో ఎక్కడెక్కడికి దూరుతుందో ఇక్కడి వాళ్లకి చెప్పాల్సిన పనిలేదు. 2010 ప్రాంతంలో కొండ సైకిళ్లకి పది గేర్ల సెట్టు తెచ్చినప్పుడు షిమానో కూడా తన నిష్పత్తిని 1.2కి దించింది. పదకొండు, పన్నెండు గేర్లకి వచ్చేసరికి 1.1. అంటే పోటీదారు చెప్పిన మాటలో నిజముందని పనిలో ఒప్పుకున్నట్టే.

ఈ లెక్క తెలియక నేను ఒకసారి బాగా దెబ్బతిన్నాను. పాతది అమ్మేసి తొమ్మిది గేర్ల సైకిల్ తీసుకున్నాక, కుందులి సంత దగ్గర రాయి తగిలి డీరైలర్ విరిగింది. పట్నంలో ఒక దుకాణంలో షిమానో లీవరు అలాగే ఉంచి, చేతికందిన పాత స్రామ్ డీరైలర్ బిగించి పంపారు. ఇంటికొచ్చి తొక్కితే గేరు పడదు, పడితే నిలవదు, చైను కరకరమంటూ రెండు చక్రాల మధ్య ఊగుతుంది. రెండున్నరని 1.1తో హెచ్చిస్తే 2.75. కావలసింది 4.35. ప్రతి నొక్కుకీ 1.6 మిల్లీమీటర్లు తక్కువ. మూడో నొక్కుకి ఒక చక్రం కంటే ఎక్కువే వెనకబడిపోతుంది. స్క్రూలు ఎంత తిప్పినా ఆ తేడా పోదు. లీవరు, డీరైలర్, వెనక చక్రాల గుత్తి ఒకే కుటుంబం కావాలి.

కాబట్టి మాలాంటి ఊళ్లలో ఉన్నవాళ్లు విడిభాగం ఎక్కడ దొరుకుతుందో కూడా చూసుకోవాలి. విజయనగరమో విశాఖపట్నమో పోవాల్సిందే. ఖరీదైన 12 గేర్ల సెట్లలో పది పళ్ల చిన్న చక్రం కోసం వెనక హబ్బు (చక్రం నడిమి భాగం, పళ్ల చక్రాలు కూర్చునేది) కూడా వేరే రకం ఉంటుంది. స్రామ్‌ది ఒక రకం, షిమానోది ఇంకో రకం. 11 పళ్లతో మొదలయ్యేవి మాత్రం ఎన్నో ఏళ్లుగా వస్తున్న మామూలు హబ్బు మీదే కూర్చుంటాయి. స్రామ్‌లో చవకైన ఎన్‌ఎక్స్ ఈగల్ 11–50 అలాంటిదే. తైవాన్ కంపెనీ మైక్రోషిఫ్ట్ తెచ్చిన అడ్వెంట్ ఎక్స్ కూడా అంతే. పది గేర్లు, 11–48, దిగుడులో చైను టపటపా కొట్టుకోకుండా డీరైలర్‌లో క్లచ్చు కూడా ఉంది. ధరకి అది ఇచ్చేది చూస్తే నాకు చాలా గౌరవం.

2023లో షిమానో తెచ్చిన క్యూస్ అనే గేర్ల సెట్టు మా రోడ్లకి ఇంకా నచ్చింది. తొమ్మిది, పది, పదకొండు గేర్లన్నిటికీ చక్రాల మధ్య దూరం ఒకటే, చైను ఒకటే, కేబుల్ లాగుడు ఒకటే. పళ్లు మందంగా ఉంటాయి. పాతవాటికంటే మూడు రెట్లు మన్నుతాయని కంపెనీ చెప్పుకుంటోంది. పాత షిమానో భాగాలతో మాత్రం కలవదు, అది గుర్తుంచుకోవాలి.

ఏది కొన్నా చైను అరుగుతుంది. 24 లింకులు పక్కాగా 304.8 మిల్లీమీటర్లుండాలి. నేను నెలకోసారి అరుగు మీద కూర్చుని, చైను తుడిచి, ఉక్కు స్కేలు పెట్టి కొలుస్తాను. ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరిగిందంటే కొత్త చైను వేసేస్తాను. లేకపోతే అది వెనక చక్రాల పళ్లను కూడా తినేస్తుంది, అప్పుడు ఖర్చు ఎన్నో రెట్లు.

మా వాడు చివరికి తొమ్మిది గేర్ల క్యూస్ ఉన్న సైకిల్ చూసుకున్నాడు. వెనక 11–46, ముందు 30. చుట్టుకి ఒకటిన్నర మీటరు. "తొమ్మిదేనా మావయ్యా?" అని కాస్త చిన్నబుచ్చుకున్నాడు గాని, లెక్క వాడే వేసుకుని సర్దుకున్నాడు. డీరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ అనే చిన్న అల్యూమినియం ముక్క ఒక్కో సైకిల్‌కి ఒక్కో ఆకారంలో ఉంటుంది. పడితే ముందు వంగేది అదే. అవి రెండు ఆ దుకాణంలోనే అడిగి తెచ్చుకోమన్నాను.