నగరం నడిబొడ్డు నుంచి తీరానికి: లోలా మోరా శిల్పాల వెనుక చరిత్ర

బ్యూనస్ ఎయిర్స్ నగరపు కోస్తనేరా సుర్ తీరంలో, ఆల్చిప్ప మీద ఉన్న వీనస్‌ను ఇద్దరు సముద్రకన్యలు పైకెత్తి పట్టుకున్న పాలరాతి ఫౌంటెన్ ఒకటి ఉంది. నగరానికి గుండెకాయ వంటి ప్లాసా దె మాయోలో నెలకొల్పాలనుకున్న ఈ శిల్పం అంత దూరం ఎందుకు వెళ్లిందన్న ప్రశ్నకు జవాబు, దాన్ని చెక్కిన లోలా మోరా జీవితంలోనే ఉంది.

అర్జెంటీనా వాయవ్య ప్రాంతంలో 1866లో పుట్టిన ఆమెను సాల్టా, టుకుమాన్ రాష్ట్రాలు రెండూ తమ బిడ్డేనని చెప్పుకుంటాయి. 1885లో తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న ఆ అమ్మాయి, టుకుమాన్‌లో స్థిరపడిన ఇటలీ చిత్రకారుడు సాంతియాగో ఫల్కూచ్చి దగ్గర బొమ్మలు గీయడం నేర్చుకుంది. ఆ రాష్ట్ర గవర్నర్ల రూపచిత్రాలతో పేరు తెచ్చుకుని, ప్రభుత్వ ఉపకార వేతనంతో రోమ్ చేరి, అక్కడ జూలియో మోంతెవెర్దే శిష్యరికంలో శిల్పకళకు మళ్లింది.

ఫౌంటెన్‌ను 1903 మే 21న ఆవిష్కరించారు. కానీ నగ్న రూపాలు ప్లాసా దె మాయోలోని కేథడ్రల్ ఎదురుగా ఉండరాదన్న అభ్యంతరాలు అప్పటికే బలపడడంతో, దాన్ని పసేయో దె హూలియో వీధిలో నిలబెట్టారు. 1918లో అక్కడి నుంచి కూడా తీసి తీరానికి తరలించారు. ప్యాంటు తొడుక్కుని, పరంజా ఎక్కి, కూలీలతో కలిసి పాలరాయి చెక్కే స్త్రీని చూసి ఆనాటి సమాజం ఎంత కలవరపడిందో, నగ్నత్వం మీద లేచిన ఈ దుమారాన్ని బట్టే ఊహించవచ్చు.

అయితే నిందంతా నగ్నత్వం మీద వేస్తే కథ సగమే చెప్పినట్టవుతుంది. అధ్యక్షుడు హూలియో రోకా ఆదరణ ఉన్నంత కాలం ఆమెకు పనులు వరుసగా వచ్చాయి: 1904లో టుకుమాన్‌లో స్వేచ్ఛా విగ్రహం, దేశ స్వాతంత్ర్యాన్ని ప్రకటించిన చారిత్రక స్వాతంత్ర్య గృహానికి రెండు కంచు ఫలకాలు, ఆ తరువాత జాతీయ కాంగ్రెస్ (పార్లమెంటు) భవనానికి శిల్పాలు. రోకా వర్గం పలుకుబడి తగ్గాక ఆ అండ పోయింది. కాంగ్రెస్ శిల్పాలను తొలగించి, కొన్నేళ్ల తరువాత సుదూర ఉత్తరాన ఉన్న హుహుయ్ రాష్ట్రానికి పంపారు. రోసారియో నగరంలోని జాతీయ పతాక స్మారకం కోసం 1909లో కుదిరిన ఒప్పందాన్ని 1925లో రద్దు చేశారు. ఏళ్ల తరబడి ఆమె పడిన శ్రమకు అంతకన్నా పెద్ద అవమానం మరొకటి లేదని నా అభిప్రాయం.

శిల్పకళకు దూరమైన ఆమె సాల్టాలో చమురు అన్వేషణకు తన సొమ్ము ధారపోసి నష్టపోయింది. 1936 జూన్‌లో బ్యూనస్ ఎయిర్స్‌లో పేదరికంలోనే కన్నుమూసింది.

తరువాతి తరాలు కొంత సరిదిద్దే ప్రయత్నం చేశాయి. రోసారియో స్మారకానికని ఆమె చెక్కిన విగ్రహాలను 1990లలో ఆ స్మారకం పక్కనే ఉన్న మార్గంలో నిలిపారు. ఆమె పుట్టినరోజుగా భావించే నవంబరు 17ను చట్టం ద్వారా జాతీయ శిల్పుల దినంగా ప్రకటించారు. కాంగ్రెస్ భవనం ముందు ఇప్పుడు ఉన్నవి నకళ్లు. ఆమె చేతి విగ్రహాలను చూడాలంటే మాత్రం హుహుయ్ ప్రభుత్వ భవనానికే వెళ్లాలి.