హోటల్ కాలిఫోర్నియా: చీటీ రాసేవాళ్లకీ వాయించేవాళ్లకీ అపోహలు - వాస్తవాలు

భీమవరంలో రిసెప్షన్ అయినా, అమలాపురంలో సంక్రాంతి ఆర్కెస్ట్రా అయినా, ఫలానా పాట వాయించమంటూ జనం పంపే సినిమా పాటల చీటీల మధ్య ఎక్కడో ఒకటి అమెరికా బ్యాండ్ ఈగల్స్ పాట 'హోటల్ కాలిఫోర్నియా'ది ఉంటుంది. చీటీతోపాటే కథలూ వస్తాయి.

అపోహ: అది సాతాను గుడి మీద పాట, కాకపోతే పిచ్చాసుపత్రి మీద.

రెండూ కాదు. లాస్ ఏంజెలస్‌లో డబ్బూ పేరూ మత్తూ మనిషిని ఎలా కట్టిపడేస్తాయో చెప్పే పాట అని రాసినవాళ్లే అన్నారు. ఆల్బమ్ అట్ట మీద ఉన్నది బెవర్లీ హిల్స్ హోటల్. మెక్సికోలో అదే పేరు పెట్టుకున్న హోటల్ మీద ఈగల్స్ 2017లో కేసు వేసింది కూడా.

అపోహ: ముందు సాహిత్యం, తర్వాత బాణీ.

మన సినిమా పాటల్లాగే ముందు బాణీ. ఈగల్స్ గిటారిస్టు డాన్ ఫెల్డర్ 12 తీగల గిటార్‌తో డెమో (నమూనా రికార్డింగు) చేసిచ్చాడు. మాటలు బ్యాండులోనే ఉన్న డాన్ హెన్లీ, గ్లెన్ ఫ్రై వి. 'ఈ' మైనర్ శ్రుతిలో హెన్లీ గొంతుకి అందక 'బీ' మైనర్‌కి దించారు. 1976 చివర్లో ఆల్బమ్ వచ్చింది.

అపోహ: చివరి గిటార్ సోలో ఊపులో అప్పటికప్పుడు పుట్టింది.

ఇదే పెద్ద అపోహ, వాయించేవాళ్లని ముంచేదీ ఇదే. మయామి స్టూడియోలో ఫెల్డర్, బ్యాండులో ఇంకో గిటారిస్టు జో వాల్ష్ తోచినట్టు మొదలుపెడితే, డెమోలో ఉన్నదే కావాలన్నాడు హెన్లీ. ఫెల్డర్ ఇంట్లో పనిచేసే ఆవిడకి ఫోన్ చేసి, ఆ డెమో క్యాసెట్ పెట్టించుకుని విని మళ్లీ నేర్చుకున్నాడు. "నా స్టైల్లో లాగిస్తా" అనే గిటారిస్టు దొరికిపోయేది ఇక్కడే.

సోలో నడిచేది చరణం కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) మీద: 8 కార్డ్స్, ఒక్కోదానికి 4 దెబ్బలు. అన్నిటి మీదా బీ మైనర్ స్కేలే తిప్పితే రెండో కార్డ్ ఎఫ్ షార్ప్ దగ్గర 'ఏ' స్వరం కొట్టుకుంటుంది; అక్కడ 'ఏ షార్ప్' కావాలి. నాలుగోది 'ఈ' మేజర్, అందులో 'జీ షార్ప్'. వెంటనే ఐదో కార్డ్‌కి మామూలు 'జీ'కి వచ్చేయాలి. చివర్లో జంట గిటార్ల వరుస. రెండో గిటార్ లేకపోతే ఆ వరస కీబోర్డుకివ్వండి, ఫ్లూట్ టోన్‌లో మాత్రం వద్దు.

అపోహ: కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) 7వ ఫ్రెట్‌లో (గిటార్ మెడ మీది అడ్డగీత) బిగిస్తే పని అయిపోయినట్టే.

'ఈ' మైనర్ పట్టుతో 7వ ఫ్రెట్‌లో బీ మైనర్ పలుకుతుంది, నిజమే. కానీ కాపో తీగని నొక్కి శ్రుతి పైకి లాగుతుంది, అందుకే ట్యూనింగ్ బిగించాకే. సింగర్‌కి అందకపోతే కాపో 5కి, కీబోర్డు ట్రాన్స్‌పోజ్ మైనస్ 2కి. బాస్ వాయించేవాడికి స్టేజీ ఎక్కకముందే చెప్పాలి. రికార్డులో గొంతు ఎత్తుకోకముందు ఆ 8 కార్డ్స్ రెండుసార్లు తిరుగుతాయి. ఒక్కసారికే సింగర్ అందుకోవడం మామూలు తప్పు.

కోనసీమ గాలికి గిటార్ చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, తీగ ఫ్రెట్ నుంచి పైకి లేస్తుంది, కాపో దగ్గర శ్రుతి ఇంకా ఎక్కువ జరుగుతుంది. కేసులో సిలికా జెల్ పొట్లాలు వేసి, వాయించాక తీగలు పొడిగుడ్డతో తుడవండి. అంతర్వేది వైపు ఉప్పుగాలికి స్టీలు తీగ తొందరగా తుప్పు పడుతుంది.